మినిట్స్ పుస్తకంలో మా కౌన్సిలర్

మా వార్డు మాజీ కౌన్సిలర్ ఎలాంటివాడని ఎవరైనా అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి గల్లీలో వినపడేది, రెండోది మున్సిపల్ ఆఫీసు బీరువాలో ఉన్నది. రెండూ ఒకే మనిషి గురించి అంటే నమ్మబుద్ధి కాదు. గల్లీ మాట అందరికీ తెలిసిందే కాబట్టి బీరువా సంగతి ముందు చెబుతాను.

నేను తెలంగాణలో ఒక మామూలు మున్సిపాలిటీలో క్లర్కుగా చేరి సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. చివరి ఏళ్లలో నాది కౌన్సిల్ సెక్షన్. ఎజెండా తయారు చేయడం, సభ్యుల ఇళ్లకు పంపడం, మీటింగ్‌లో కమిషనర్ వెనక కూర్చుని రాసుకోవడం, తరవాత తీర్మానాలను, మీటింగ్ రికార్డు అయిన మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడం నా పని. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. రాస్తే పెన్షనేమీ ఆగదు గానీ, పొద్దున వాకింగ్‌లో వాళ్లంతా ఎదురవుతారు.

రాజ్యాంగానికి 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పన్నెండో షెడ్యూల్లో పట్టణ సంస్థలకు 18 అంశాలు రాసిపెట్టారు. పట్టణ ప్రణాళిక నుంచి మురికివాడల అభివృద్ధి దాకా అన్నీ ఉంటాయి అందులో. మా కౌన్సిల్ టేబుల్ మీదికి నిజంగా వచ్చేవి మాత్రం రోడ్డు, డ్రైను, చెత్త, నీళ్లు, దీపాలు, మున్సిపల్ షాపుల వేలం. వీటి చుట్టూనే ఐదేళ్లు గడిచిపోతాయి.

మీటింగ్ మొదలైతే మొదటి గంటంతా కేకలే. కుక్కలు, కోతులు, పైపుల కోసం తవ్వి వదిలేసిన రోడ్లు, వెలగని లైట్లు. విలేకరులు కూడా ఆ గంటే ఉంటారు. మర్నాడు జిల్లా పేజీలో "గరంగరంగా కౌన్సిల్ సమావేశం" అని వస్తుంది. ఆ తరవాత చాయ్ వస్తుంది, విలేకరులు వెళ్లిపోతారు, అప్పుడు ఎజెండా మొదలవుతుంది. అంశం చదవడం, "ఆమోదం" అనడం, మళ్లీ అంశం చదవడం. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా టేబుల్ ఎజెండా అని ఒక కాగితాల కట్ట దిగుతుంది. ముందుగా ఇళ్లకు పంపనివి, అప్పటికప్పుడు టేబుల్ మీద పెట్టేవి అన్నమాట. అత్యవసరమైన పనుల కోసం పెట్టుకున్న వెసులుబాటు అది. అసలు డబ్బు లెక్కలు చాలావరకు అందులోనే ఉండేవి. కాంట్రాక్టు పొడిగింపులు, అద్దె వాహనాల బిల్లులు, అంచనా పెరిగిన పనులు. పేజీ తిప్పేలోపే "ఆమోదం".

కేకలేవీ పుస్తకంలోకి రావు. పుస్తకంలో "సభ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించనైనది" అని ఉంటుంది. గంటసేపు బల్ల గుద్దినవాడూ, ఫోన్‌లో వీడియోలు చూస్తూ కూర్చున్నవాడూ ఆ వాక్యంలో ఒక్కటే. కౌన్సిలర్ పేరు విడిగా మినిట్స్‌లోకి ఎక్కాలంటే నికరంగా ఒకటే దారి, ఫలానా అంశానికి నేను ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా డిసెంట్ ఇవ్వడం. మీటింగ్ బయట మైకు ముందు వ్యతిరేకించేవాళ్లు బోలెడుమంది. సంతకం పెట్టి కాగితం ఇచ్చేవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకంటే రేపు తన వార్డు డ్రైను అదే చైర్మన్ దగ్గర, అదే ఎజెండాలో రావాలి. ఎమ్మెల్యేకు నియోజకవర్గ నిధి ఉన్నట్టు కౌన్సిలర్‌కు సొంత నిధి అంటూ చట్టం ఏమీ ఇవ్వలేదు. ఒప్పుకుంటేనే పని వస్తుంది.

మా కౌన్సిలర్ ఒకసారి ఇచ్చాడు. చెత్త తరలించే అద్దె ట్రాక్టర్ల గడువును టెండర్ లేకుండా పొడిగించే అంశం అది. టేబుల్ ఎజెండాలో వచ్చింది. అతను నిలబడి, ట్రిప్ షీట్లు చూపించమన్నాడు. చూపించలేదు. అక్కడే తెల్లకాగితం అడిగి తీసుకుని, నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. అక్షరాలు అంత బాగుండవు గానీ విషయం సూటిగా ఉంది. పేరు, వార్డు నంబరు, అంశం నంబరుతో సహా నేనే దాన్ని పుస్తకంలోకి ఎక్కించాను. నా లెక్కలో అతని ఐదేళ్లలో అదే పెద్ద పని. దాని గురించి గల్లీలో ఒక్కరికీ తెలియదు.

గల్లీలో తెలిసినవి వేరు. మా ఎదురింటి ఆవిడతో ఓసారి అతని పని గురించి మాటెత్తాను, డ్రైను సగంలో ఆగిపోతే అతను ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరును, పట్టుకుని పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ చూపించమనకుండా బిల్లును పోనిచ్చాడు కదమ్మా అని. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే అంది: "డ్రైను సంగతి మీకు తెలుస్తది సార్, మాకేం తెలుస్తది. మా ఆయనకు ఛాతిల నొప్పొచ్చిన్నాడు రాత్రి ఒంటిగంటకు బండేసుకొచ్చిండు. దవాఖానల పొద్దుందాక ఉన్నడు. నా కొడుకులు కూడ అప్పుడు హైదరాబాద్‌లనే ఉండె."

దీనికి నా దగ్గర జవాబు లేదు. అది కూడా ప్రజాసేవే, కాదనడానికి నేనెవర్ని? పెళ్లికి వస్తాడు, చావుకు వస్తాడు, ఠాణాలో మాట సాయం చేస్తాడు, కులం సర్టిఫికెట్ కోసం వెళ్తే తోడొస్తాడు. ఆవిడకు ఆఫీసుల్లో ఎవరూ కుర్చీ వేయరు. ఈయన ఫోన్ చేస్తే వేస్తారు. ఆ కుర్చీ విలువ కౌన్సిల్ సెక్షన్‌లో కూర్చున్న నాకు అర్థం కాదు. అయితే ఒకటి గమనించాను. ఆఫీసు పని ఎంత సులువైతే ఈ సాయానికి అంత గిరాకీ తగ్గుతుంది. ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ రాకముందు ఇంటి పర్మిషన్ అంటే కౌన్సిలర్ ఇంటి ముందు చెప్పులు కనిపించేవి. 75 గజాల లోపు ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు, 600 గజాల వరకు ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి అన్నాక ఆ చెప్పులు పల్చబడ్డాయి. కొంతమంది సభ్యులకు ఆ కొత్త పద్ధతి మీద ఎందుకంత కోపమో మీటింగ్‌లో పైకి చెప్పలేకపోయేవారు.

చట్టం రాసినవాళ్లు కూడా కౌన్సిలర్ పని లెక్క తేలాలనే అనుకున్నారు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుడిదీ సంబంధిత ఉద్యోగిదీ బాధ్యత అని పెట్టారు. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలన్నారు. యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కోదానిలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. ఆలోచన చాలా మంచిది. మాకు మాత్రం గడువు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం జాబితాలన్నీ కట్టగా వచ్చాయి. మా వార్డు మహిళా కమిటీలో నా భార్య పేరు కనిపించింది. ఇంటికెళ్లి చెబితే, "నన్నెవరూ అడగలేదే" అని నా మీదే కోపం చేసింది. మీటింగ్‌కు పిలుస్తారేమోనని కొన్నాళ్లు చూసింది కూడా, పాపం.

ఇక ఎన్నికల సంగతి. 2014 మార్చి 30న ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో మావాడు ఓడిపోయాడు. 2020 జనవరి 22న గెలిచాడు. మా వార్డు ఓట్లు పదిహేను వందలకు అటూ ఇటూ. గెలిచింది వందలోపు మెజారిటీతో. టికెట్ రాక ఇండిపెండెంట్‌గా నిలబడ్డ ఎదుటి పార్టీ అభ్యర్థి తోడబుట్టినవాడు చీల్చిన ఓట్లు అంతకన్నా ఎక్కువ. అంటే మా కౌన్సిలర్ ప్రజాబలం ఎంత అని అడిగితే, ఎదుటి పార్టీలో అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోనంత అని చెప్పాలి. వార్డు స్థాయిలో రెండు మూడు పెద్ద కుటుంబాలు అటు తిరిగితే ఫలితం అటు తిరుగుతుంది. దాన్ని పట్టుకుని "ప్రజలు అభివృద్ధికి పట్టం కట్టారు" అని ఫ్లెక్సీ వేయించుకోవచ్చు, అది వేరే విషయం.

పెద్ద నగరాల్లోనూ లెక్క ఇంతకన్నా గొప్పగా లేదు. జీహెచ్‌ఎంసీలో 2016లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 99 వచ్చాయి, బీజేపీకి 4. 2020 డిసెంబరులో టీఆర్‌ఎస్ 56కు పడింది, బీజేపీ 48కి ఎగబాకింది. నాలుగేళ్లలో అన్ని డివిజన్లలో కార్పొరేటర్ల పనితనం ఒక్కసారే మారిపోయిందంటే ఎవరు నమ్ముతారు? మధ్యలో అక్టోబరు వరదలు వచ్చాయి. ఇంటికి పది వేల సాయం ప్రకటించారు, అందులో స్థానిక నాయకులు కోత పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి, నవంబరులో ఎన్నికల సంఘం పంపిణీ ఆపమంది. ఆ కోపంలో బాగా పనిచేసినవాళ్లు కూడా కొట్టుకుపోయి ఉంటారు. ఆంధ్రాలో 2021 మార్చిలో జరిగిన మున్సిపల్ ఎన్నికలను దాదాపు మొత్తంగా వైఎస్సార్‌సీపీ ఊడ్చేసింది. తాడిపత్రి లాంటిది ఒకటి టీడీపీకి దక్కితే వార్త అయింది. 2024 జూన్‌లో అసెంబ్లీ ఫలితాలు తిరగబడగానే అదే కౌన్సిళ్లలో అవే కుర్చీల్లో కూర్చున్న సభ్యులు చాలాచోట్ల పార్టీలు మారారు. 2025 ఏప్రిల్లో విశాఖ మేయర్ అవిశ్వాసంలో పదవి పోగొట్టుకున్నారు. మధ్యలో వార్డు ఓటరును ఎవరూ ఏమీ అడగలేదు.

పార్టీ గాలి ఒకటైతే, రిజర్వేషన్ రెండోది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది ఇదే. రిజర్వేషన్ ఉండొద్దని నేను అనడం లేదు. అది లేకపోతే మా కౌన్సిల్ హాల్లో సగం మంది ఆడవాళ్లు కూర్చునేవాళ్లే కాదు. రాజ్యాంగం కనీసం మూడో వంతు అంటే మన రెండు రాష్ట్రాలూ సగం చేశాయి. మా కౌన్సిల్‌లో 2014లో గెలిచిన ఒకావిడ ఉండేది. మొదటి ఏడాది భర్త రాసిచ్చిన కాగితం చదివేది. ఆయన కమిషనర్ చాంబర్లో కూర్చుని తలుపు సందులోంచి చూసేవాడు. అందరూ ఆయన్నే "కౌన్సిలర్ సాబ్" అనేవాళ్లు. రెండో ఏడాదికి ఆవిడ కాగితం మానేసింది. మూడో ఏడాది ఒక సీసీ రోడ్డు బిల్లు వచ్చినప్పుడు, "మందం ఎంత రాశారు, అక్కడ ఎంత ఉంది" అని ఏఈని నిలబెట్టింది. పొద్దున్నే వెళ్లి టేపుతో కొలిచి వచ్చిందట. ఆ బిల్లు తగ్గింది. తగ్గిన సంగతి మినిట్స్‌లో ఉంది, ఎవరు తగ్గించారో లేదు. అప్పట్నుంచి భర్త చాంబర్‌కు రావడం కూడా తగ్గింది.

2019 జులైలో ఆ కౌన్సిల్ గడువు ముగిసింది. 2020 ఎన్నికలకు రిజర్వేషన్ల జాబితా వచ్చేసరికి, మహిళలకు కేటాయించి ఉన్న ఆవిడ వార్డు జనరల్ అయింది. జనరల్ అంటే ఆడవాళ్లు నిలబడకూడదని కాదు. కానీ పార్టీ ఆఫీసులో ఆ మాట గుర్తు చేసేవాళ్లు ఉండరు. టికెట్ భర్తకు వచ్చింది. కరపత్రంలో ఆవిడ వేయించిన రోడ్లన్నీ ఆయన ఖాతాలో పడ్డాయి. గెలిచాడు కూడా. ఎన్నికైన మొదటి మీటింగ్‌కు ఆయన వచ్చి నన్ను ఎజెండా ఎలా చదవాలో అడిగాడు. ఇంట్లో అడగండి అని నోటిదాకా వచ్చింది. ఉద్యోగంలో ఉన్నాను కదా, మింగేశాను.

పనికీ గెలుపుకూ ఉన్న ముడి ఇక్కడే తెగుతుంది. బాగా చేసినవాళ్లు మళ్లీ అదే ఓటరు ముందు నిలబడే అవకాశం రాకపోవచ్చు, చెడగొట్టినవాళ్లు ఆ ఓటరుకు జవాబు చెప్పకుండానే పక్క వార్డుకు వెళ్లిపోవచ్చు. నోటిఫికేషన్ ముందు వార్డుల రిజర్వేషన్ జాబితా కోసం మా ఆఫీసు మెట్ల మీద సిట్టింగ్ సభ్యులు పడే టెన్షన్ చూస్తే, ఐదేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టు లాటరీ టికెట్ మీద అచ్చేసినట్టు అనిపించేది.

అఫిడవిట్లు చదివితే మనిషి తెలుస్తాడని కొందరంటారు. కొంతవరకు నిజమే. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని అభ్యర్థి కేసులు, ఆస్తులు, చదువు చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. వార్డు ఎన్నికల దాకా అది పాకింది. నామినేషన్లప్పుడు నోటీసు బోర్డు మీద అవి అంటిస్తే మా ఆఫీసులో నిలబడి చదివేవాళ్లు ఎదుటి అభ్యర్థుల మనుషులు తప్ప ఇంకెవరూ కనిపించలేదు. నేను మాత్రం చదివేవాణ్ని, అదొక అలవాటు. మావాడి 2014 కాగితం, 2020 కాగితం పక్కపక్కన పెట్టి చూశాను. ఒక ప్లాటు పెరిగింది, అప్పు కూడా పెరిగింది. ఓడిపోయిన మనిషి కాబట్టి ఆ మధ్యలో పదవి లేదు, అనుమానానికి తావు లేదు. అసలు చూడాల్సింది 2020 నాటిదానికీ, గడువు తీరాక వేసేదానికీ మధ్య తేడా. అదీ అందులో రాసింది నిజమనుకుంటే. నామినేషన్ల పరిశీలనలో కాగితం పూర్తిగా నింపారా లేదా చూస్తారు గానీ, లోపల రాసింది నిజమా కాదా అని ఇంటికెళ్లి చూసిరారు.

రికార్డు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. సమాచార హక్కు కింద "మా కౌన్సిలర్ ఐదేళ్లలో ఏం చేశాడు" అని అడగకండి. అలాంటి దరఖాస్తులు నా టేబుల్ మీదికి వచ్చేవి. "కోరిన రూపంలో సమాచారం ఈ కార్యాలయంలో లేదు" అని ఒక్క లైనుతో వెళ్లిపోయేవి. ఆఫీసు దగ్గర కౌన్సిలర్ పేరు మీద ఫైలు ఉండదు. పని పేరు మీద ఉంటుంది. ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు కౌన్సిల్ మినిట్స్, టేబుల్ ఎజెండాతో సహా, హాజరు రిజిస్టర్ నకళ్లతో సహా అని అడగండి. ఫలానా గల్లీ డ్రైనుకు మెజర్‌మెంట్ బుక్ పేజీలు అడగండి. పది రూపాయలు, ముప్పై రోజులు. 2005 చట్టంలో సమాచార హక్కు అంటే కాగితం ఒక్కటే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేయడం, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడం కూడా. టేపు పట్టుకుని వెళ్లిన ఆ కౌన్సిలరమ్మ చేసిన పని మామూలు ఓటరు కూడా దరఖాస్తు పెట్టి చేయొచ్చు. హాజరు రిజిస్టర్ చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. సంతకం పెట్టి చాయ్ తాగి వెళ్లిపోయినవాళ్ల సంతకాలే అన్నిటికన్నా అందంగా ఉంటాయి.

2025 జనవరిలో మా పాలకవర్గం గడువు ముగిసి స్పెషల్ ఆఫీసర్ వచ్చాక, మావాడు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చాడు. వెంట ఫ్లెక్సీలు డిజైన్ చేసే పిల్లాడు. "సార్, మీకు అన్నీ యాది ఉంటయి. నేను చేయించినయి ఒక లిస్టు రాసియ్యుండ్రి, కరపత్రం కొట్టిద్దాం" అన్నాడు. నాకు సంతోషమే అనిపించింది. గుర్తున్నవి రాశాను. రెండు సీసీ రోడ్లు, ఒకటిన్నర డ్రైను, నల్లా లైను పొడిగింపు, పార్కు ప్రహరీ. అన్నిటికన్నా పైన ట్రాక్టర్ల డిసెంట్ రాసి కింద గీత గీశాను. ప్రజాధనం కోసం సంతకం పెట్టినవాడివి, ఇంకెవరు పెట్టారు చెప్పు అన్నాను.

అతను కాగితం చూసి కొంచెం సేపు నవ్వాడు. "అది వద్దు సార్. అప్పటి చైర్మన్ ఇప్పుడు మన పార్టీల్నే ఉన్నడు. టికెట్ ఆయన చేతుల్నే ఉంది."

పెన్ను తీసుకుని పైలైను తనే కొట్టేశాడు. ఒకటిన్నర డ్రైనును రెండు చేశాడు. ఎదురింటాయనను దవాఖానకు తీసుకెళ్లిన సంగతి పెట్టమంటావా అంటే, "ఛీ, అది చెప్పుకునేదా సార్" అన్నాడు, నిజంగానే సిగ్గుపడుతూ. మిగిలిన ఖాళీలో బతుకమ్మ ఫొటో పెట్టమని పిల్లాడికి చెప్పి, వచ్చే రిజర్వేషన్ ఏమవుతుందో మీ పాత ఆఫీసులో ఏమైనా వినపడుతోందా అని నన్ను అడిగాడు.